‘ఇది ఆల్రెడీ చేసేశారు కదమ్మా’: ఎకనామిక్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు ఒక బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఆర్థికశాస్త్రం సిలబస్ ఖాయం చేసే పెద్దలకు,

నమస్కారం.

పోయిన ఏడాది ఒక పీజీ సెంటర్లో ఎం.ఏ. ప్రాజెక్టు టాపిక్కులు ఖరారు చేసే రోజు కమిటీలో ఒక మెంబరు రాకపోతే ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే మామూలు లెక్చరర్ని. ఒక అమ్మాయి లోపలికి వచ్చి బల్ల మీద చిన్న చిన్న అట్టముక్కలు పరిచింది. పాత పెళ్లికార్డులు కత్తిరించి చేసినవి. ఒకవైపు వధూవరుల పేర్ల ముక్కలు, రెండోవైపు స్కెచ్ పెన్నుతో రాసిన అంకెలు. కొన్నింటి మీద ‘కొనేవారు’, కొన్నింటి మీద ‘అమ్మేవారు’. అమెరికన్ ఆర్థికవేత్త వెర్నన్ స్మిత్ చేసిన మార్కెట్ ప్రయోగాన్ని మూడు డిగ్రీ కాలేజీల్లో మళ్లీ చేసి చూస్తానంది. అట్టముక్కలు చూసి అందరూ ముచ్చటపడ్డారు. ఆ తర్వాత కమిటీలో పెద్దాయన అన్నారు: “బాగుందమ్మా. కానీ ఇది ఆల్రెడీ చేసేశారు కదా. ఇందులో నీ నావెల్టీ ఏంటి?”

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను కాగితాల వైపు చూశాను.

చివరికి ఆమెకు దక్కిన టాపిక్కు ‘స్వయం సహాయక సంఘాలు – మహిళా సాధికారత: ఒక మండల అధ్యయనం’. ఆ ఏడాది అదే టాపిక్కు, మండలం పేరు మార్పుతో, ఇంకో నలుగురికి కూడా ఇచ్చారు. వాటిలో నావెల్టీ ఏమిటని ఎవరూ అడగలేదు. ఆ రోజు నోరు విప్పి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. ప్రచురితమైన అధ్యయనాన్ని మళ్లీ చేసి చూడటాన్ని కూడా ప్రాజెక్టుగా ఒప్పుకోండని అడగడానికే ఇది రాస్తున్నాను.

ఆమె చేస్తానన్న ప్రయోగం కథే ముందు చెబుతాను. ఎందుకంటే అదే ఒక రెప్లికేషన్, అంటే ఒకరు చేసినదాన్ని మళ్లీ చేసి చూడటం.

1948లో హార్వర్డ్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ చాంబర్లిన్ తన క్లాసులో చేసిన ప్రయోగాల మీద ఒక పేపరు ప్రచురించారు. విద్యార్థులకు కార్డులు పంచేవారు. కొనేవాడి కార్డు మీద అతను ఇవ్వగల గరిష్ఠ ధర ఉంటుంది, అమ్మేవాడి కార్డు మీద పుచ్చుకోగల కనిష్ఠ ధర ఉంటుంది. గదిలో తిరుగుతూ ఎవరికి వారు జత కుదుర్చుకుని బేరమాడుకోవాలి. మన పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ఆడే బేరం లాంటిదే అనుకోండి. ఏ బేరమైనా ఆ ఇద్దరి మధ్యే. ఇలా 46 సార్లు చేశారు. సప్లై, డిమాండు రేఖలు కలిసే చోట ఎన్ని అమ్మకాలు జరగాలని పుస్తకం చెబుతుందో, 42 సార్లు అంతకు మించే జరిగాయి. పరిపూర్ణ పోటీ అనేది పుస్తకంలో మాటే అనడానికి చాంబర్లిన్‌కు ఇది ఆధారమైంది.

హార్వర్డ్‌లో చదువుకున్న వెర్నన్ స్మిత్ తర్వాత పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరారు. ఒక రాత్రి నిద్రపట్టక పాత మేష్టారి ప్రయోగం గురించి ఆలోచనలో పడ్డారు. 1956 జనవరిలో తన క్లాసులో అదే ప్రయోగం చేశారు, రెండు మార్పులతో. బేరం ఇద్దరి మధ్య గుసగుసగా కాకుండా అందరికీ వినపడేలా కేకవేసి చెప్పాలి, వేలంపాటలో లాగా. ఒక్కసారితో ఆపేయకుండా అవే కార్డులతో మార్కెట్ ‘రోజులు’ వరసగా నడవాలి. మొదటి ప్రయోగంలో 11 మంది కొనేవాళ్లు, 11 మంది అమ్మేవాళ్లు. కార్డుల మీద అంకెలు 75 సెంట్ల నుంచి 3 డాలర్ల 25 సెంట్ల దాకా. సిద్ధాంతం చెప్పే ధర 2 డాలర్లు. ఒక్కొక్కరికి తన కార్డు తప్ప ఇంకేమీ తెలియదు. అయినా రౌండు రౌండుకీ ధర ఆ రెండు డాలర్ల చుట్టూ చేరింది.

నాకు ఇష్టమైన ఘట్టం ఆ తర్వాతది. స్మిత్ తన ఫలితాన్ని తానే నమ్మలేదు. ఏదో కాకతాళీయం అయ్యుంటుంది, సప్లై డిమాండు రేఖలు మరీ పొందికగా గీశానేమో అనుకుని, వేరే రేఖలతో వేరే క్లాసులో మళ్లీ చేశారు. అలా ఏళ్ల తరబడి చేసి 1962లో ప్రచురించారు. 2002లో నోబెల్ వచ్చింది. అంటే ముందు మేష్టారి ప్రయోగాన్ని శిష్యుడు మళ్లీ చేసి చూశాడు, తర్వాత తన ప్రయోగాన్ని తానే మళ్లీ చేసి చూశాడు. ఆ రోజు మన కమిటీ ముందుకు స్మిత్ సినాప్సిస్ పట్టుకుని వచ్చుంటే ఏమనేవాళ్లమో ఊహించుకోండి.

మళ్లీ చేయడం అంటే కాపీ కొట్టడం అనే భావం మనలో బలంగా నాటుకుపోయింది. కొత్తొక వింత, పాతొక రోత. కానీ ఈ రంగంలో పేరుపడిన పనులు కొన్ని పాతదాన్ని తప్పని నిరూపించాలన్న పంతంతో మొదలైనవే.

సారా లిక్టెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1971లో ఒక వింత బయటపెట్టారు. రెండు పందేలు ఉన్నాయి. మొదటిదాంట్లో 36 పాళ్లలో 35 పాళ్లు 4 డాలర్లు గెలుస్తారు, ఒక్క పాలు మాత్రం డాలరు పోతుంది. రెండోదాంట్లో 36లో 11 పాళ్లే గెలుపు, కానీ గెలిస్తే 16 డాలర్లు, ఓడితే డాలరున్నర నష్టం. ఏది కావాలంటే చాలామంది మొదటిదే, ఆ గట్టి పందెమే, అంటారు. సరే, ఒక్కోదాన్ని ఎంతకు అమ్ముతావు అని విడిగా అడిగితే అదే మనుషులు రెండోదానికి ఎక్కువ ధర చెబుతారు. ఇష్టపడేది ఒకటి, విలువ కట్టేది ఇంకోదానికి. 1973లో వాళ్లు ఇదే పరీక్షను లాస్ వేగాస్‌లో ఒక కాసినోలో, సొంత డబ్బు పెట్టి ఆడేవాళ్ల మీద చేశారు. అక్కడా ఇదే తంతు.

ఆర్థికవేత్తలకు ఇది మింగుడు పడలేదు. మనిషికి తన ఇష్టాయిష్టాల వరస తెలుసన్న నమ్మకం మీద కదా మన ఇల్లంతా కట్టుకున్నది! కాలిఫోర్నియాలోని కాల్టెక్ విద్యాసంస్థలో డేవిడ్ గ్రెథర్, చార్లెస్ ప్లాట్ రంగంలోకి దిగి 1979లో పేపరు ప్రచురించారు. మనస్తత్వ శాస్త్రవేత్తల ఫలితం ఆర్థికశాస్త్రానికి చెల్లదని తేల్చడమే తమ ఉద్దేశమని దాచుకోకుండా రాశారు. ఈ వింతకు కారణం ఏమై ఉండొచ్చో 13 అనుమానాలు వరసగా రాసుకున్నారు. డబ్బు సరిగ్గా ఇవ్వలేదేమో, ప్రశ్న అర్థం కాలేదేమో, బేరానికి ముందు ధర పెంచి చెప్పే అలవాటేమో. ఆ జాబితాలో ఒక అనుమానం చదివినప్పుడల్లా నవ్వొస్తుంది: ‘ప్రయోగం చేసినవాళ్లు సైకాలజిస్టులు’. అంటే, వీళ్లు ఏదో తిరకాసు పెట్టి ఉంటారని కుర్రాళ్లు అనుమానించి ఉండొచ్చని. ఒక్కో అనుమానాన్నీ తీర్చేలా ప్రయోగం కట్టారు. ఆ వింత మాత్రం చెక్కుచెదరలేదు. కూలగొడదామని వెళ్లినవాళ్లు, కూలలేదని వాళ్లే సంతకం పెట్టి చెప్పారు. ఆ ఫలితానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఇప్పుడు చెప్పండి, గ్రెథర్, ప్లాట్‌ల పనిలో ‘కాంట్రిబ్యూషన్’ ఏది?

ఇంకోరకం రెప్లికేషన్ ఉంది: ఊరు మార్చి చేసేది. 1982లో జర్మనీలో వెర్నర్ గూత్, ఆయన సహచరులు ఒక ఆట పెట్టారు. మీకు కొంత సొమ్మిచ్చి ఎదుటివాడికి ఎంతిస్తారో చెప్పమంటారు. అతను ఒప్పుకుంటే ఇద్దరికీ దక్కుతుంది, కాదంటే ఇద్దరికీ సున్నా. పైసా ఇచ్చినా పుచ్చుకోవాలి అంటుంది సిద్ధాంతం. మనుషులు అలా పుచ్చుకోరు, ‘నీ పైసా నువ్వే ఉంచుకో’ అంటారు. ఇది జర్మన్ల గుణమా, మనిషి గుణమా? 1991లో ఆల్విన్ రాత్ బృందం జెరూసలేం, లుబ్లియానా, పిట్స్‌బర్గ్, టోక్యో నగరాల్లో ఈ ఆటనూ, దాంతో పాటు వేలంలాంటి ఒక మార్కెట్ ఆటనూ ఆడించి చూసింది. మార్కెట్ ఆటలో నాలుగూళ్లదీ ఒకే దారి. పంపకం బేరంలో మాత్రం తేడా వచ్చింది: పిట్స్‌బర్గ్, లుబ్లియానాల్లో ఎక్కువమంది సగం ఇస్తామంటే, జెరూసలేం, టోక్యోల్లో అంతకంటే తగ్గారు. ఆ తర్వాత జోసెఫ్ హెన్రిచ్, సహచరులు కలిసి 15 చిన్న సమాజాలకు ఈ ఆట పట్టుకెళ్లారు. పెరూ అడవుల్లోని మాచిగెంగా జనం సగటున 26 శాతం ఇవ్వజూపారు, తీసుకునేవాళ్లూ దాదాపు ఎవరూ కాదనలేదు. ఇండోనేషియాలో తిమింగలాలను వేటాడే లామలేరా ఊరివాళ్లు సగానికి పైగానే ఇవ్వజూపారు. కలిసి వేటాడి కలిసి పంచుకునేవాళ్ల లెక్క అది.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు మనవాళ్లు. నిజమే, గిన్నె ఒక్కటే అయితే. పది ఇళ్ల పొయ్యిల మీద పది గిన్నెలున్నప్పుడు పక్కింటి మెతుకు పట్టి మనింటి అన్నం దించుకోం కదా.

మళ్లీ చేయడం ఇంత మంచిదైతే అందరూ చేస్తూ ఉండాలి. చేయలేదు, ఇందులో తప్పు మనదొక్కరిదే కాదు. పేరున్న 50 ఎకనామిక్స్ జర్నళ్లలో 1974 నుంచి 2014 వరకు వచ్చిన వ్యాసాలు లెక్కేస్తే రెప్లికేషన్లు వెయ్యికి ఒకటి తేలాయి. ప్రయోగాలవాళ్లు మాత్రం మొదటినుంచీ కాస్త నయం. తమ ప్రయోగంలో చదివి వినిపించిన సూచనల కాగితాన్ని పేపరు చివర అచ్చు వేయడం, పాల్గొన్నవాళ్లకు అబద్ధం చెప్పకపోవడం, నిజం డబ్బు ఇవ్వడం వాళ్ల ఆచారం. జ్యూరిక్‌లో ఊర్స్ ఫిష్‌బాకర్ తయారుచేసిన జెడ్‌ట్రీ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ప్రోగ్రామ్ ఫైలు పంపితే చాలు, ఇంకో దేశంలో అదే ప్రయోగం అదే తెర మీద నడుస్తుంది.

అసలు పరీక్ష 2016లో జరిగింది. కోలిన్ కామెరర్, సహచరులు కలిసి 2011–2014 మధ్య రెండు అగ్రశ్రేణి జర్నళ్లలో వచ్చిన 18 ల్యాబ్ ప్రయోగాలను మొదటినుంచి మళ్లీ చేశారు. ఏం చేయబోతున్నారో ముందే రాసి, అసలు రచయితలకు చూపించి, సరిపడా ఎక్కువమందిని తీసుకుని మరీ. 18లో 11 నిలబడ్డాయి. అంటే 61 శాతం. నిలబడినవీ పడిపోయినవీ కలిపి చూస్తే ప్రభావం సగటున మొదట చెప్పినదాంట్లో మూడింట రెండొంతులే. అంతకు ముందు ఏడాది మనస్తత్వ శాస్త్రంలో 100 అధ్యయనాలు మళ్లీ చేస్తే 36 శాతమే నిలబడ్డాయి. దాంతో పోల్చి మన శాస్త్రం గట్టిదని కొందరు సంబరపడ్డారు. నాకంత సంబరం లేదు. మన కాలేజీ రిజల్టు 61 శాతం వస్తే ప్రిన్సిపాల్ గదిలో ఏం జరుగుతుందో తెలిసినవాణ్ణి. అలాగని మిగిలిన ఏడూ అబద్ధాలనీ కాదు. రెండోసారి రాలేదు, అంతే. మూడోసారి చేయాలి.

ఇంకో వ్యవహారం చెబితే మీకు రెప్లికేషన్ అవసరం వేరే కోణంలో కనిపిస్తుంది. పత్రం చివర కాకుండా పైనే సంతకం పెట్టిస్తే మనుషులు నిజం రాస్తారని 2012లో ఒక పేపరు వచ్చింది, ఎంతో పేరు తెచ్చుకుంది. అందులో ఒక భాగం వాహన బీమా కట్టేవాళ్లు రాసిచ్చిన మీటరు రీడింగుల డేటా. 2020లో ఆ రచయితలే ఇంకొందరితో కలిసి మళ్లీ చేస్తే ఫలితం రాలేదు. అలా రాలేదని చెప్పిన పేపరుతో పాటు పాత డేటా కూడా బయటపెట్టారు. 2021లో వేరేవాళ్లు ఆ ఎక్సెల్ ఫైలు తెరిచి చూశారు. జనం నడిపిన మైళ్లు సున్నా నుంచి 50,000 దాకా గీత గీసినట్టు సమానంగా పరుచుకుని ఉన్నాయి. నిజం జనం అలా తిరగరు. పైగా ఆ ఫైలులో అంకెలు రెండు రకాల ఫాంట్లలో ఉన్నాయి, సగం క్యాలిబ్రి, సగం కేంబ్రియా. ఆ ఏడే పేపరును ఉపసంహరించారు. ఏళ్ల తరబడి ఎవరి కంటా పడని ఫాంటు తేడా మళ్లీ చేయబోతేనే బయటపడింది.

మన నేల మీద జరిగిన సంగతికి వస్తాను. హైదరాబాద్ బస్తీల్లో 2005లో మొదలైన సూక్ష్మరుణాల అధ్యయనం గుర్తుందా? అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్‌ల పని అది. 104 బస్తీలు తీసుకుని, లాటరీ వేసినట్టు సగం చోట్ల ముందుగా అప్పులిచ్చే సంస్థ శాఖ తెరిచింది. కొత్త వ్యాపారాలు కొన్ని పుట్టాయి, ఉన్న వ్యాపారాలు కొంత పెరిగాయి. కానీ సగటు ఇంటి ఖర్చులో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు, చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటు విషయాల్లోనూ మార్పు కనిపించలేదు. ఇది హైదరాబాద్ ప్రత్యేకతా? 2015లో ఒకే జర్నల్ సంచికలో హైదరాబాద్‌తో పాటు బోస్నియా, ఇథియోపియా, మెక్సికో, మంగోలియా, మొరాకోల అధ్యయనాలు పక్కపక్కన వచ్చాయి. ఆరుచోట్లా జీవితాలు తలకిందులైన దాఖలా లేదు. హైదరాబాద్ ఒక్కదాన్నే పట్టుకుని ఉంటే ‘మా సంస్థ సంగతి వేరు’ అని ఎవరైనా అనగలిగేవారు. ఆరింటిని పక్కపక్కన పెట్టాక అనలేరు. మహిళా సాధికారత మీద మనం ఏటా అచ్చేసే ప్రాజెక్టుల్లో ఎన్నింటి బిబ్లియోగ్రఫీలో ఈ పేపరు ఉందో ఎవరైనా చూశారా?

టీచర్ల బోనస్ సంగతీ అంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రయోగంలో పిల్లల మార్కులను బట్టి టీచర్లకు బోనస్ ఇస్తే రెండేళ్లలో లెక్కల్లో, తెలుగులో పిల్లలు స్పష్టంగా ముందుకు వెళ్లారు. కెన్యాలో ఇలాంటి పథకమే పెడితే మార్కులు కొంతకాలం పెరిగి తర్వాత నిలవలేదు. టీచర్లు పరీక్షకు తోమారన్నమాట. రెండింటిలో ఏది నిజం అని అడిగితే జవాబు లేదు. మూడోచోట చేసి చూడాలి, ఆ మూడోచోటు మన ఎం.ఏ. విద్యార్థి పక్క మండలం ఎందుకు కాకూడదు?

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. స్టాఫ్ రూంలో విన్నవే.

ఒకటి, ‘నెట్‌లో డేటా ఉంది, దింపేసి రన్ కొట్టి ఇచ్చేస్తారు’. కొందరు ఇస్తారు. ఇప్పుడు హాస్టల్ గదిలో ఒకే రాత్రి రెండు రంగుల పెన్నులతో నింపే 120 క్వశ్చనేర్ల కంటే అది నయం కాదా? నింపినవాళ్లకు తెలుసు, గైడుకు తెలుసు, వైవాకు వచ్చిన నాకూ తెలుసు. రెప్లికేషన్‌లో అసలు ఫలితం ఎదురుగా ఉంటుంది, అంకె ఎందుకు తేడా వచ్చిందో విద్యార్థి చెప్పాలి. అక్కడ దొంగ ఎవరో గదిలో అందరికీ తెలిసిపోతుంది.

ఇంకొకటి ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్, అంటే కాపీ రాతను పట్టేది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాటితే తంటా. కానీ ప్రయోగాన్ని మళ్లీ చేసేవాడు అసలు సూచనలను పొల్లు పోకుండా వాడాలి, ఒక్క మాట మార్చినా అది వేరే ప్రయోగం కావచ్చు. సూచనల కాగితాన్ని అనుబంధంగా పెట్టి, ఆ పేజీలను లెక్కలోంచి తీసేయమని మీరు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. అసలు చిక్కు తెలుగులోకి తేవడం దగ్గర ఉంది. రాత్ బృందం భాష, కరెన్సీ, ప్రయోగం నడిపే మనిషి, ఈ మూడింటి తేడా ఫలితంలోకి జొరబడకుండా ఎంత తంటాలు పడిందో చదివితే, అనువాదమే ఒక సెమిస్టర్ పని అని తెలుస్తుంది. ‘ఆఫర్’ అన్నచోట ‘ఇస్తాను’ అని రాయాలా, ‘పంచుతాను’ అని రాయాలా? రెండోది రాసిన క్షణం న్యాయం గుర్తుచేసినట్టే. ఇంతకంటే నావెల్టీ ఏం కావాలి మీకు?

డబ్బు, జనం చాలరన్నది మాత్రం నిజమైన అభ్యంతరం. 2016లో కామెరర్ బృందం తీసుకున్నంతమందిని ఒక విద్యార్థి తేలేడు. ముప్ఫై మందితో చేసి ‘రాలేదు’ అంటే దానికి విలువ లేదు. అందుకే ఒక్కడు చేయకూడదు. ఏడాదికి ఒకే ప్రయోగం ఎంచుకుని, ఒకే తెలుగు సూచనల కాగితం తయారుచేసి, శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా పదిహేను కాలేజీల్లో పదిహేను మంది విద్యార్థులు ఒకే నెలలో నడిపితే? ఒక్కొక్కరికి తన కాలేజీ డేటా మీద ప్రాజెక్టు ఉంటుంది, పదిహేనూ కలిపితే దేశంలో ఎవరి దగ్గరా లేని డేటా అవుతుంది. ఓట్రీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఫోన్ల మీదే నడుస్తుంది. స్మిత్ ప్రయోగానికైతే అది కూడా అక్కర్లేదు, పాత పెళ్లికార్డులు చాలు. పాల్గొన్నవాళ్లకు ఇచ్చే సొమ్ము మనం సెమినార్ శాలువాలకు పెట్టేదాంట్లో మిగులుతుంది.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు నిబంధనల్లో ‘మౌలిక పరిశోధన’ (ఒరిజినల్ రీసెర్చ్) అన్నచోట ‘లేదా ప్రచురితమైన ఒక అధ్యయనాన్ని మళ్లీ చేసి చూడటం’ అని చేర్చండి. ఫలితం రాకపోయినా మార్కులు తగ్గవని అదే పేరాలో రాయండి, లేకపోతే పిల్లలు ఫలితం ‘తెప్పిస్తారు’. పీహెచ్‌డీలో కనీసం ఒక అధ్యాయానికి ఇదే వెసులుబాటు ఇవ్వండి.

ఆ అమ్మాయి ప్రాజెక్టు పూర్తిచేసింది, మంచి మార్కులే వచ్చాయి. అట్టముక్కలు నాకిచ్చి వెళ్లింది. మొన్న మా సెకండియర్ క్లాసులో వాటిని పంచాను. మొదటి రౌండులో ఒకడు కార్డు సరిగ్గా చదవకుండా నష్టానికి అమ్మేసి నాలుక్కరుచుకున్నాడు. రెండో రౌండుకు గోల తగ్గింది. నాలుగో రౌండులో బోర్డు మీద ధరలు రాస్తుంటే వెనక బెంచీ అమ్మాయి ఒకతి, “సార్, మళ్లీ అదే వస్తోందేంటి?” అంది. బెల్లు కొట్టేశారు. ఇంకో రౌండు ఆడదామని క్లాసంతా కూర్చునే ఉంది.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ ఎకనామిక్స్ లెక్చరర్